దూరాన్ని తవ్విపోసిన దీవులు

గాసదాలుర్ ఊళ్లో ఎవరైనా కన్నుమూస్తే, ఒకప్పుడు ఊళ్లోని మగవాళ్లంతా కొండ ఎక్కాల్సి వచ్చేది. ఊళ్లో శ్మశానం లేదు. పక్క ఊరు బోవుర్‌లో ఉంది. అక్కడికి దారి కొండ మీదుగానే. ఒక పక్క నిట్టనిలువు వాలు, వాలు చివర అట్లాంటిక్ సముద్రం. శవపేటికను భుజాన వేసుకుని, వానకు నానిన గడ్డి మీద కాలు జారకుండా, ఎదురుగాలికి ఒరిగిపోకుండా ఎక్కాలి. ఆ దారిలో పేటికను కిందికి దించి కాస్త ఊపిరి తీసుకోవడానికి వీలైన బండ ఒకటుంది. శవశిల అనే పేరు దానికి ఇప్పటికీ ఉంది. 1873లో ఊళ్లోనే శ్మశానానికి చోటు చూసుకున్నాక ఆ మోత తప్పింది. టపా మాత్రం మరో 130 ఏళ్లు అదే కొండ మీదుగా నడిచింది. 2004లో కొండకు సొరంగం తొలిచేదాకా పోస్ట్‌మ్యాన్ వారానికి మూడుసార్లు ఉత్తరాల సంచి వీపుకు కట్టుకుని ఆ శిఖరం ఎక్కి దిగేవాడు.

గాసదాలుర్‌లో ఇప్పుడు పట్టుమని పాతికమంది ఉండరు. ఆ కొద్దిమంది కోసం దాదాపు కిలోమీటరున్నర పొడవున రాతిని తొలిచారు. ఎదురుగా బండి వస్తే పక్కకు తప్పుకుని దారి ఇవ్వాల్సిన ఒంటి వరస సొరంగం అది. అయిన ఖర్చును తలకింత అని పంచి చూస్తే లోకంలో ఏ ఆర్థిక శాఖా దానికి సంతకం పెట్టదు. ఫారో దీవులవాళ్లు పెట్టారు. ఆ దీవుల బతుకు ఈ సంతకం లాంటి నిర్ణయాల మీదే నిలబడింది. ఒక ఊరు దూరమా దగ్గరా అన్నది పటంలోని కిలోమీటర్లు తేల్చవు. పురిటినొప్పులు మొదలైన మనిషి ఎన్ని గంటల్లో డాక్టరు చేతికి అందుతుంది, పిల్లలు బడికెళ్లి పొద్దుగూకేలోగా ఇల్లు చేరతారా, పట్టిన చేప కుళ్లకముందే సంతకు వెళ్తుందా... ఇవి తేలుస్తాయి. మన్యంలో డోలీ మోతలు చూసినవాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు.

ఐస్‌లాండ్, నార్వే, స్కాట్లాండ్... ఈ మూడింటి నడిమి సముద్రంలో, 62 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, 18 దీవుల గుంపు ఇది. మొత్తం విస్తీర్ణం 1,400 చదరపు కిలోమీటర్లు. జనాభా 54 వేల పైచిలుకు. డెన్మార్క్ రాజ్యంలో భాగమే అయినా సొంత పార్లమెంటు, సొంత జెండా, సొంత భాష ఉన్నాయి. లిట్ల దీమున్ అనే ఒక్క చిన్న దీవిని వదిలేస్తే మిగతా 17 దీవుల్లోనూ మనుషులున్నారు. ఏ మూల నిలబడ్డా సముద్రం ఐదు కిలోమీటర్లలోపే ఉంటుంది.

ఐదున్నర, ఆరు కోట్ల ఏళ్ల కింద గ్రీన్‌లాండ్, ఐరోపా విడిపోతున్నప్పుడు భూమి చీలి పొంగిన లావాయే ఈ దీవులు. ఒక పొంగు మీద మరో పొంగు గట్టిపడి, కొండలన్నీ మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. ఆ తర్వాత మంచు యుగాల హిమానీనదాలు వాటిని గోకి, లోయలుగా, సముద్రపు పాయలుగా కోసేశాయి. అన్నిటికన్నా ఎత్తైన స్లాట్టరాటిందుర్ శిఖరం 880 మీటర్లు. ఉత్తరాన విదోయ్ దీవి కొసన ఎన్నిబర్గ్ అనే కొండచరియ 750 మీటర్లకు పైగా తిన్నగా సముద్రంలోకి దిగుతుంది. సముద్రం నుంచి నేరుగా లేచిన కొండచరియల్లో ప్రపంచంలోనే ఎత్తైనవాటిలో అదొకటి. పడవలో దాని కింద నుంచి వెళ్లేటప్పుడు పైన గిరగిరా తిరిగే పక్షులు చుక్కల్లా ఉంటాయి.

ఇంత ఉత్తరాన ఉన్నా అక్కడ గడ్డకట్టే చలి ఉండదు. అట్లాంటిక్ వెచ్చటి ప్రవాహం దీవులను చుట్టి వెళ్తుంది. జనవరిలో సగటు ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలకు అటూ ఇటూ, జూలైలో పదకొండు. రేవుల్లో నీళ్లు గడ్డకట్టవు. వాన మాత్రం ఏడాదిలో రెండు వందల రోజులకు తగ్గదు. డిసెంబరులో పగటి వెలుగు ఐదు గంటలే. జూన్‌లో పందొమ్మిది గంటలు దాటుతుంది, రాత్రి అన్నది పేరుకే. ఎటు చూసినా గడ్డి పచ్చగా ఉంటుంది కానీ అడవి లేదు. ఉప్పు గాలి, గొర్రె పళ్లు కలిసి చెట్టును ఎదగనివ్వవు. గోడ కట్టి కాపాడుకుంటే తప్ప కొమ్మ నిలవదు.

గాలి వండిన మాంసం

గొర్రె అక్కడ మనుషుల కన్నా పాతకాపు అనిపిస్తుంది. ఐస్తురోయ్ దీవిలోని ఒక సరస్సు అడుగు బురదను పరీక్షించిన శాస్త్రవేత్తలకు అందులో క్రీస్తుశకం 500 ప్రాంతపు గొర్రెల డీఎన్ఏ దొరికింది. 2021లో ఆ ఫలితం బయటికొచ్చింది. అంటే తొమ్మిదో శతాబ్దంలో నార్వే నుంచి వైకింగులు ఓడలు దిగడానికి మూడు వందల ఏళ్ల ముందే ఎవరో గొర్రెలను తోలుకొచ్చి కాపురం పెట్టారు. 825 ప్రాంతంలో దికూయిల్ అనే ఐరిష్ సన్యాసి, ఉత్తర సముద్రంలో గొర్రెలతో నిండిన దీవుల గురించి, అక్కడ వందేళ్లుగా తపస్సు చేసుకున్న తన దేశపు సన్యాసుల గురించి రాశాడు. అవి ఈ దీవులేనని చాలామంది పండితుల మాట.

గొర్రెల కోసమే రాసుకున్న పాత చట్టం అక్కడ ఒకటుంది. 1298లో వచ్చిన 'గొర్రెల శాసనం' దీవులకు సంబంధించి మిగిలిన పత్రాల్లో అతి ముఖ్యమైనది. ఏ మేత బీడులో ఎన్ని గొర్రెలుండాలి, ఒకరి మంద మరొకరి బీడులో పడితే ఏం కట్టాలి, కుక్క ఎవరి గొర్రెనైనా కరిస్తే ఎవరిది బాధ్యత... అన్నీ అందులో ఉన్నాయి. బీడు మోయగలిగినదానికి మించి ఒక్క గొర్రెను కూడా పెంచకూడదన్నది దాని సారం. ఇవాళ్టికీ భూమి వాటాలను పాతకాలపు 'మార్క్' కొలతలోనే చెప్పుకుంటారు. ఒక మార్క్ భూమి అంటే ఎన్ని ఎకరాలన్నది కాదు, ఎన్ని గొర్రెల మేత అన్నది ముఖ్యం. సమష్టి బీడును ఎవరికి వాళ్లు మేపేసుకుని నాశనం చేసుకుంటారని అర్థశాస్త్ర పుస్తకాలు భయపెడతాయి. ఏడు వందల ఏళ్లుగా ఇక్కడ బీడు బీడుగానే ఉంది.

అక్టోబరు వస్తే కొండల మీది గొర్రెలను కిందికి తోలుకొచ్చి కోస్తారు. ఆ తర్వాత జరిగేది చూడాల్సిన పని. ప్రతి పాత ఇంటి దగ్గరా యాట్లుర్ అని ఒక కొట్టం ఉంటుంది. దాని గోడలు నిలువు చెక్క పట్టీలతో కడతారు. పట్టీకీ పట్టీకీ మధ్య వేలు దూరేంత సందు వదులుతారు. వాన లోపలికి రాకూడదు, గాలి మాత్రం ఆగకుండా రావాలి. ఉప్పు పట్టించరు, పొగ పెట్టరు. ఉప్పు కాచుకోవడానికి కట్టెలే లేని నేల అది. మాంసాన్ని తొడలు తొడలుగా, పక్కటెముకలు పక్కటెముకలుగా దూలాలకు వేలాడదీసి గాలికి వదిలేస్తారు. కొన్ని వారాలకు అది పులుస్తుంది. పైన బూజు తేరుతుంది. ఆ దశలో 'రాస్ట్' అంటారు, ఉడికించి తింటారు, చారు కాస్తారు. అలాగే వదిలేస్తే నెలలు గడిచేకొద్దీ గట్టిపడి, ముదురు రంగు తిరిగి, పల్చగా కోసి పచ్చిగానే తినే 'స్కెర్పిచ్యోట్' అవుతుంది. శరదృతువు మరీ వెచ్చగా ఉంటే మాంసం చెడుతుంది, మరీ చల్లగా ఉంటే పులవకుండా ఎండిపోతుంది. ఒక ఊరి మాంసం రుచి పక్క ఊరి మాంసానికి రాదంటారు. కొట్టం ఏ గాలికి ఎదురుగా నిలబడిందన్నదాన్ని బట్టి రుచి మారుతుంది మరి.

ఇళ్లు కూడా ఆ గాలిని ఎరిగి కట్టినవే. కింద నల్లరాతి పునాది, దాని మీద తారు పూసిన చెక్క గోడలు, పైన పచ్చగడ్డి పెరిగే మట్టి కప్పు. మట్టి కింద బూర్జ చెట్టు బెరడు పొరలు పరుస్తారు, చుక్క నీరు దిగదు. మట్టి బరువు ఇంటిని గాలివానలో పట్టి ఉంచుతుంది. రాజధాని టోర్స్‌హావ్న్‌లో టింగానెస్ అనే రాతి కొస మీద ఎర్ర రంగు చెక్క ఇళ్లున్నాయి, వాటి మీదా గడ్డి కప్పులే. ప్రధానమంత్రి కార్యాలయం అందులోనే. వైకింగుల కాలంలో దీవుల పెద్దలు సభ తీరి తగువులు తీర్చుకున్నదీ ఆ కొస మీదే.

రాజుగారి అంగడి, ఒక పడవ రోగం

ఆ సభ ఎంత పాతదైనా, కొన్ని వందల ఏళ్లు దీవుల తాళం చెవి వేరొకరి చేతిలో ఉంది. వ్యాపారమంతా డెన్మార్క్ రాజు గుత్తాధిపత్యం కింద నడిచేది. ఊలు, మేజోళ్లు, చేప... ఏది అమ్మాలన్నా రాజు అంగడికే, ఏది కొనాలన్నా అక్కడే. చాలాకాలం ఆ అంగడి టోర్స్‌హావ్న్‌లో ఒక్కటే ఉండేది. దూరపు దీవుల జనం బస్తా ధాన్యం కోసం తెడ్లు వేసుకుంటూ రోజుల తరబడి వచ్చి, గాలి తిరిగేదాకా రేవులో పడిగాపులు పడేవాళ్లు. సముద్రం వేరుచేసిన దానికన్నా ఆ చట్టం ఎక్కువ వేరుచేసింది.

దాన్ని మొదట ధిక్కరించినవాడు నోల్సోయ్ దీవికి చెందిన పౌల్. జనం నోల్సోయార్ పౌల్ అంటారు. 1804లో తోటివాళ్లతో కలిసి సొంతంగా ఓడ కట్టాడు. మధ్యయుగాల తర్వాత దీవుల్లో కట్టిన మొదటి సముద్రపు ఓడ అదే. అధికారులు కేసులు పెట్టారు. అతను పాటతో జవాబిచ్చాడు. అందులో డేనిష్ అధికారులు వేటాడే పక్షులు, చిన్న పిట్టలు దీవుల జనం, ప్రమాదం రాగానే కూత పెట్టి హెచ్చరించే ఎర్రముక్కు త్యాల్దుర్ పిట్ట పౌల్. ఆ పిట్ట తర్వాత జాతీయ పక్షి అయింది. నెపోలియన్ యుద్ధాల్లో ధాన్యం రాక జనం ఆకలితో అలమటిస్తుంటే, 1808-09 చలికాలంలో లండన్ నుంచి ధాన్యం తెస్తూ పౌల్ ఓడతో సహా సముద్రంలో కలిసిపోయాడు. గుత్తాధిపత్యం 1856 జనవరి 1న గానీ పోలేదు. 1801లో ఐదు వేల పైచిలుకు ఉన్న జనాభా 1900 నాటికి పదిహేను వేలకు చేరింది. బ్రిటిష్ వాళ్లు పక్కన పెట్టిన పాత తెరచాప ఓడలను కొనుక్కుని ఐస్‌లాండ్ దాకా వెళ్లి కాడ్ చేప పట్టడం మొదలుపెట్టింది ఆ కాలంలోనే. తాళం తీస్తే చాలు, అదే సముద్రం దారి అయింది.

ఆ మధ్యలో జరిగిన ఒక సంగతి వైద్య విద్యార్థులు ఇప్పటికీ చదువుకుంటారు. 1846 మార్చి చివర్లో కోపెన్‌హేగెన్ నుంచి వచ్చిన ఒక వడ్రంగితో తట్టు రోగం దీవుల్లోకి దిగింది. అప్పటికి 65 ఏళ్లుగా అక్కడ తట్టు లేదు. 1781లో వచ్చి పోయింది, అంతే. 7,782 మంది జనాభాలో ఆరు వేలమందికి పైగా కొన్ని నెలల్లోనే మంచాన పడ్డారు. గడ్డి కోసేవాళ్లు లేరు, పడవ తోసేవాళ్లు లేరు. డెన్మార్క్ ప్రభుత్వం ఇద్దరు కుర్ర డాక్టర్లను పంపింది. వాళ్లలో పీటర్ లుడ్విగ్ పానుమ్‌కు అప్పుడు పాతికేళ్లు.

పానుమ్ ఊరూరా తిరిగి, ఎవరు ఎప్పుడు ఎవరిని కలిశారో, ఎప్పుడు ఒంటి మీద దద్దుర్లు వచ్చాయో రాసుకున్నాడు. పెద్ద నగరంలో ఆ పని అసాధ్యం, ఎవరికి ఎవరి వల్ల వచ్చిందో తేలదు. ఇక్కడ ఊరికి ఊరికి మధ్య సముద్రం ఉంది, పడవ వచ్చిన రోజు అందరికీ గుర్తుంటుంది. ట్యోర్నువీక్ అనే ఊరి నుంచి పదిమంది ఒకే పడవలో వెస్ట్‌మన్నాకు జూన్ 4న తిమింగలాల వేటకు వెళ్లొచ్చారు. జూన్ 18న ఆ పదిమందికీ ఒకే రోజు దద్దుర్లు పొక్కాయి. రోగం సోకిన పద్నాలుగో రోజుకు దద్దుర్లు వస్తాయని అలా తేలింది. 1781లో తట్టు పోసినవాళ్లలో 98 మంది ముసలివాళ్లను అతను కలిశాడు. ఒక్కరికీ రెండోసారి రాలేదు. ఒకసారి వచ్చిన తట్టు జీవితాంతం రక్షణ ఇస్తుందన్న మాటకు అంత గట్టి రుజువు అంతకుముందు లేదు. ఆరు దశాబ్దాల దూరం అంతమందిని పడగొట్టింది, ఆ దూరమే శాస్త్రానికి దారి చూపింది.

అదే 1846లో హామెర్స్‌హైంబ్ అనే మతాచార్యుడు ఫారో భాషకు రాత పద్ధతి ఏర్పరిచాడు. మూడు వందల ఏళ్లుగా గుడిలో, కోర్టులో, బడిలో డేనిష్ భాషే నడిచింది. ఇంటి భాషకు అక్షరం లేకపోయినా అది చావలేదంటే కారణం గొలుసు నృత్యం. వాద్యం ఏదీ ఉండదు. చేయీ చేయీ పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ, వందల చరణాల కథాగేయాలను కాళ్ల దరువుతో పాడుకుంటారు. చలికాలపు రాత్రులు ఇరుకు గదుల్లో అలా పాడి పాడి భాషను నోట నిలబెట్టుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ డెన్మార్క్‌ను ఆక్రమించగానే బ్రిటన్ వచ్చి దీవుల్లో దిగింది. ఐస్‌లాండ్ నుంచి బ్రిటన్‌కు చేప మోసిన ఫారో ఓడలు బాంబులకు, మందుపాతరలకు బలయ్యాయి. రెండు వందలమందికి పైగా నావికులు తిరిగి రాలేదు. ఇంత చిన్న జనాభాలో అంటే దుఃఖం తాకని ఊరు ఉండి ఉండదు. 1940 ఏప్రిల్ 25న ఫారో ఓడల మీద దీవుల సొంత జెండాను బ్రిటన్ గుర్తించింది, ఆ రోజు ఇప్పటికీ పండుగే. 1946లో స్వాతంత్ర్యం కోసం ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే కొద్ది ఓట్ల తేడాతో ‘విడిపోదాం’ అన్నవాళ్లు గెలిచారు. డెన్మార్క్ రాజు పార్లమెంటును రద్దు చేశాడు. చివరికి 1948లో స్వపరిపాలన చట్టం వచ్చింది.

కడలి కింద చౌరస్తా

ఫారో దీవుల్లో మొదటి సొరంగం 1963లో సూదురోయ్ దీవిలో తొలిచారు. 1973లో రెండు పెద్ద దీవులు స్ట్రేమోయ్, ఐస్తురోయ్‌ల మధ్య వంతెన పడింది. ఒక్కో కొండ, ఒక్కో ఊరు... అలా తవ్వుకుంటూ పోయారు. ఈ లోపు దెబ్బ తగిలింది. 1980ల చివర్లో చేప తగ్గింది, అప్పులు పేరుకున్నాయి, 1992లో పెద్ద బ్యాంకు కుప్పకూలే దశకు వస్తే డెన్మార్క్ ఆదుకోవాల్సి వచ్చింది. సుమారు 48 వేలున్న జనాభా కొన్నేళ్లలో 43 వేలకు పడిపోయింది. ఊళ్లకు సొరంగాలు తవ్వి తవ్వి ఇంటి మీదికి తెచ్చుకున్నారన్న విమర్శ అప్పుడు గట్టిగానే వినిపించింది. అది పూర్తిగా కాదనలేని మాటే. మరబోట్లకు, ఫ్యాక్టరీలకు, రోడ్లకు అప్పు తెచ్చి పోసినవాళ్లకు చేప ఒక్కటే ఆధారం.

ఆశ్చర్యం ఏమిటంటే, కోలుకోగానే వాళ్లు మళ్లీ పలుగు పట్టారు. ఈసారి సముద్రం అడుగున. విమానాశ్రయం ఉన్న వాగర్ దీవికి 2002లో 4.9 కిలోమీటర్ల సొరంగం. చేపల పట్టణం క్లాక్స్‌వీక్‌కు 2006లో 6 కిలోమీటర్ల పైచిలుకు. 2020 డిసెంబరులో ఐస్తురోయ్‌కు 11.2 కిలోమీటర్లు. 2023 డిసెంబరులో సాండోయ్‌కు 10.8 కిలోమీటర్లు.

ఐస్తురోయ్ సొరంగం గురించి కాస్త చెప్పాలి. అది మూడు నోళ్ల సొరంగం. ఒకటి టోర్స్‌హావ్న్ వైపు, మిగతా రెండూ ఒక సముద్రపు పాయకు చెరో ఒడ్డున. మూడు దారులూ నీటి అడుగున కలిసే చోట గుండ్రటి చౌరస్తా కట్టారు. సముద్రం కింద అలాంటిది ప్రపంచంలో అదే మొదటిది. నడిమధ్య రాతిని తొలవకుండా లావు స్తంభంలా వదిలేశారు. దాని చుట్టూ ట్రోందుర్ పాటుర్సన్ అనే కళాకారుడు ఉక్కు రేకుల్లో మనుషుల బొమ్మలు నిలబెట్టాడు. చేయీ చేయీ పట్టుకుని గొలుసు నృత్యం చేస్తున్న మనుషులు. వెనక నుంచి రంగు దీపాలు వెలుగుతుంటే, నీడలు రాతి మీద కదులుతాయి. కారులో వెళ్లేవాళ్లు ఆ వలయం చుట్టూ తిరిగి తమ దారి పట్టుకుంటారు. సొరంగం అట్టడుగు చోటు సముద్రమట్టానికి 187 మీటర్ల కింద ఉంటుంది. ఐస్తురోయ్‌లోని రూనావీక్ నుంచి రాజధానికి 64 నిమిషాలు పట్టే ప్రయాణం 16 నిమిషాలకు తగ్గింది. ఇప్పుడు దీవుల జనంలో పదికి తొమ్మిదిమంది పడవ ఎక్కకుండా ఒకరినొకరు కలుసుకోగలరు.

ఈ డబ్బంతా చేపదే. ఎగుమతి చేసే సరుకుల్లో తొంభై శాతానికి పైగా చేపే, అందులో పెద్ద వాటా పాయల్లో పెంచే సాల్మన్‌ది. సాల్మన్‌కు కూడా ఒక తట్టు కథ ఉంది. 2000 తర్వాత ఒక వైరస్ రోగం దీవుల సాల్మన్ పెంపకాన్ని దాదాపు తుడిచిపెట్టింది. అప్పుడు కఠినమైన చట్టాలు తెచ్చారు. ఒక పాయలో ఒకే వయసు చేపలు పెంచాలి, పంట తీశాక ఆ పాయను కొంతకాలం ఖాళీగా వదలాలి, చేపలను ఆగకుండా పరీక్షించాలి. ఆ పరీక్షల కోసం దెబెస్ క్రిస్టియన్సెన్ అనే పశువైద్య శాస్త్రవేత్త ఒక ప్రయోగశాల నడిపేవాడు. 2020 మొదట్లో చైనా నుంచి కోవిడ్ వార్తలు రాగానే, మనిషికి కూడా ఇదే యంత్రం పనికొస్తుందని ఆయన ముందే సామగ్రి తెప్పించి పెట్టుకున్నాడు. ప్రపంచమంతా పరీక్ష కిట్ల కోసం అల్లాడుతున్న రోజుల్లో, చేపల వైరస్ పట్టే ఆ గదిలో రోజుకు వందలమంది మనుషుల నమూనాలు చూశారు. 2020 ఏడాది మొత్తంలో దీవుల్లో కోవిడ్‌తో ఒక్కరూ చనిపోలేదు. పానుమ్ తిరిగిన ఊళ్లే ఇవి.

నీళ్లు తెచ్చిన విషం

ఫారో పేరు ఎత్తితే బయటివాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది ఎర్రబడిన సముద్రపు నీళ్లు. పైలట్ తిమింగలాల గుంపు కనిపిస్తే పడవలు వెనక నుంచి అర్ధచంద్రాకారంగా కమ్ముకుని, అనుమతి ఉన్న ఇసుక తీరానికి తోలతాయి. ఒడ్డున జనం వాటిని చంపుతారు. 1584 నుంచి కొంతమేరకు, 1709 నుంచి తెగకుండా ఏ ఏడాది ఎన్ని పట్టారో లెక్కలున్నాయి. అడవి జంతువుల వేటకు అంత పాత లెక్క మరెక్కడా దొరకడం అరుదు. మాంసం ప్రధానంగా అమ్మకానికి కాదు. వేటకు వచ్చినవాళ్లకు, ఊరివాళ్లకు వాటాలు పంచుతారు. పంట పెద్దగా పండని నేల మీద శతాబ్దాల పాటు ఆ మాంసం, కొవ్వు ప్రాణం నిలబెట్టాయన్నది నిజం. 2021 సెప్టెంబరులో ఒకే రోజు 1,428 డాల్ఫిన్లను చంపినప్పుడు మాత్రం దీవుల జనమే చాలామంది తప్పన్నారు. మరుసటి ఏడాది ప్రభుత్వం తాత్కాలికంగా డాల్ఫిన్లకు ఏటా 500 అని పరిమితి పెట్టింది. అది చాలదని నా అభిప్రాయం. ఆకలి లేని రోజుల్లో అంత చావుకు సమర్థన దొరకదు.

అయితే ఆ వేట చుట్టూ ఇంకో అన్యాయం ఉంది, దాని గురించి ఎవరూ ఫొటోలు పెట్టరు. లోకంలో బొగ్గు కాల్చే పొగతో గాలిలోకి లేచిన పాదరసం సముద్రంలో దిగి, చిన్న చేప నుంచి పెద్ద చేపకు చేరుతూ తిమింగలం ఒంట్లో పేరుకుంటుంది. ఆ మాంసం తిన్న తల్లుల కడుపులోని బిడ్డల మీద దాని ప్రభావం ఎంత? పాల్ వైహె అనే ఫారో డాక్టరు, ఫిలిప్ గ్రాంజాన్ అనే డేనిష్ శాస్త్రవేత్త 1986-87లో పుట్టిన దాదాపు వెయ్యిమంది పిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించారు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, మాట... వీటన్నిట్లో చిన్న చిన్న లోపాలు తల్లి ఒంటి పాదరసంతో పాటు పెరిగినట్టు తేలింది. చేపలో పాదరసం ఎంతవరకు ఉండొచ్చో ఇవాళ దేశాలు పెట్టుకున్న హద్దుల వెనక ఆ పిల్లల లెక్కలున్నాయి. 2008లో దీవుల ప్రధాన వైద్యాధికారులు, తిమింగలం మాంసం మనుషులు తినడానికి ఇక పనికిరాదని బాహాటంగా చెప్పేశారు. ఫ్యాక్టరీ పొగగొట్టాలు లేని సముద్రంలో, తాము కలపని విషానికి తాతల తిండి వదులుకోమని సొంత జనానికి చెప్పడం ఆ డాక్టర్లకు ఎంత కష్టమై ఉంటుందో ఊహించుకోవచ్చు. దూరం వాళ్లను ఆ విషం నుంచి కాపాడలేదు.

కొస దీవులు

సొరంగం వెళ్లని చోటికి హెలికాప్టర్ వెళ్తుంది. ఫుగ్లోయ్, స్వీనోయ్, మిచినెస్, స్కువోయ్, స్టోరా దీమున్... సముద్రం బాగా లేనిరోజు పడవ ఆగలేని దీవులివి. స్టోరా దీమున్‌లో ఉన్నది ఒక్క కుటుంబం, వాళ్లదే వ్యవసాయం, తరాలుగా అక్కడే. ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి టికెట్టు ధర తక్కువగా ఉంచడంతో ఊరివాళ్లు బస్సు ఎక్కినట్టే హెలికాప్టర్ ఎక్కి డాక్టరు దగ్గరికి, చుట్టాల ఇంటికి వెళ్లొస్తారు.

అయినా ఆ దీవులు ఖాళీ అవుతున్నాయి. మిచినెస్‌లో వందేళ్ల కింద నూటయాభైమందికి పైగా ఉండేవాళ్లు. వేసవిలో పఫిన్ పక్షుల కోసం పర్యాటకులు కిక్కిరిసిపోతారు కానీ, చలికాలం అక్కడే ఉండేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైచదువులకు కోపెన్‌హేగెన్ వెళ్లిన ఆడపిల్లల్లో చాలామంది తిరిగి రారు. దీవుల మొత్తం జనాభాలో మగవాళ్ల కన్నా ఆడవాళ్లు సుమారు రెండు వేలమంది తక్కువ. ఆ లోటులోకి థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన ఆడవాళ్లు మూడు వందలమందికి పైగా ఉన్నారు. వెచ్చటి దేశాల నుంచి వచ్చి, చేపల ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ, ఇంట్లో ఫారో భాష నేర్చుకుంటూ పిల్లలను పెంచుతున్నారు. దీవుల రేపటిలో వాళ్ల వాటా ఎంతుందో అక్కడి బడి గదుల్లో కూర్చున్న పిల్లలే చెబుతారు.

మనుషులు వదిలేసిన దీవులు ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. స్కాట్లాండ్‌కు పడమట సెయింట్ కిల్డా దీవులున్నాయి. ఇలాంటి కొండచరియలే, ఇలాంటి పక్షులే, గాలికి ఎండబెట్టే మాంసమే. 1930 ఆగస్టు 29న అక్కడ మిగిలిన 36 మంది తామే అర్జీ పెట్టుకుని, ప్రభుత్వం పంపిన ఓడ ఎక్కి వెళ్లిపోయారు. వాళ్లకు బుద్ధి తక్కువై కాదు, ఓపిక చాలక కాదు. సరైన రేవు లేదు, నిర్ణయం తీసుకునే సభ వాళ్ల దీవిలో లేదు, నెలల తరబడి టపా రాలేదు. ఫారో దీవులవాళ్లకు ఆ సభ ఉంది. ఆ ఒక్క తేడా చాలా పెద్దది.

ఇప్పుడు ఆ సభ ముందున్నది సూదురోయ్. దక్షిణపు కొసన ఉన్న పెద్ద దీవి, నాలుగున్నర వేల పైచిలుకు జనం. ఒకప్పుడు చేపల వ్యాపారంలో దీవులన్నిటికన్నా ముందున్నది. 1990ల సంక్షోభం ఎక్కువగా కొట్టింది దాన్నే. రాజధానికి పడవలో రెండు గంటలు, గాలివాన వస్తే అది కూడా ఉండదు. దానికి సాండోయ్ మీదుగా సొరంగం తవ్వాలంటే దాదాపు పాతిక కిలోమీటర్లు సముద్రం కింద వెళ్లాలి. ఇప్పటిదాకా తవ్వినవాటన్నిటికన్నా ఎంతో పెద్ద పని, ఎంతో పెద్ద అప్పు. అంత డబ్బు నాలుగున్నర వేలమందికా అన్న ప్రశ్న అక్కడి పార్లమెంటులో ఏళ్లుగా నలుగుతోంది. చేప మీదే నడిచే దేశం, ఒకసారి అప్పుల్లో మునిగి లేచిన దేశం కాబట్టి ఆ భయం అర్థమవుతుంది. అయినా తవ్వాలనే నేనంటాను. పాతికమంది కూడా లేని గాసదాలుర్‌కు దారి ఇచ్చినవాళ్లు, ఎక్కువమంది ఉన్నచోట లెక్క కుదరడం లేదని వెనక్కి తగ్గితే, ఇన్నేళ్లూ ఏ మాట మీద కొండలు తొలిచారో ఆ మాట చెల్లదు. సూదురోయ్‌లో బడి ముగించి చదువుకు వెళ్లే అమ్మాయి సాయంత్రానికి ఇంటికి రాగలదా, లేక కోపెన్‌హేగెన్‌లోనే ఉండిపోతుందా అన్నది ఆ పాతిక కిలోమీటర్ల మీద ఆధారపడి ఉంది.